తగ్గుతున్న అంకె

మీటరు మీద అంకె నూట అయిదు దాటింది. దాటకూడదు.

కెమిస్టు టీ కప్పు బల్ల మీద పెట్టి కుర్చీ ముందుకు లాక్కుంది. ఈ ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఆ అంకె నూట అయిదు దగ్గర బుద్ధిగా ఆగిపోవడమే ఆమె చూసింది. ఈ మధ్యాహ్నం ఆగలేదు.

ఆమె ముందున్నది మూరెడు మందం కాంక్రీటు గోడ. గోడకు అవతలి గదిలో పెద్ద ఉక్కు పాత్ర ఉంది. నడుమెత్తు ఉంటుంది కానీ లోపలి గుంత మాత్రం టీ గ్లాసంతే. ఆ ఆకారం చూసి అందరూ దాన్ని రోలు అంటారు. అందులో ఉప్పునీళ్లు పోసి, పరీక్షకు వచ్చిన చిన్న పరికరాన్నీ రెండు ప్లాటినం రేకులనూ ముంచి, ఉక్కు మూత బిగించి, పంపుతో నొక్కుతారు. లోతు సముద్రంలోకి దించే పరికరాలు ఉప్పును సరిగ్గా కొలుస్తున్నాయో లేదో తేల్చి చెప్పడం ఆ సంస్థ పని. నీళ్లను నొక్కే కొద్దీ ఉప్పునీళ్లలోంచి కరెంటు మరింత సులువుగా పారుతుంది. ఎంత సులువుగా పారుతోందో మీటరు చెబుతుంది. నొక్కకముందు వంద. వెయ్యి అట్మాస్ఫియర్ల ఒత్తిడి దగ్గర నూట అయిదు. సముద్రం లోతు దాదాపు అక్కడితో సరి కనుక వాళ్ల పని కూడా అక్కడితో సరి. గోడకు అంటించిన పట్టిక అక్కడే ఆగిపోతుంది.

"బావా, గేజి ఎంత చూపిస్తోంది?"

గది మూలలో స్పానర్లు తుడుస్తున్న ఫిట్టరు తలెత్తి గోడ మీది ఒత్తిడి గేజి చూశాడు. అతను ఆమె అక్క మొగుడు. ఈ రోలును పదేళ్లుగా విప్పి బిగిస్తున్నది అతనే.

"తొమ్మిది వందలు."

"ఇందాక?"

"ఇందాకా తొమ్మిది వందలే. మీ అక్క ముందు నేను నిలబడ్డట్టు నిలబడింది, ఉలుకూ పలుకూ లేదు."

"జోకులు తర్వాత. నా అంకె నూట ఆరుకు వచ్చింది."

అతను స్పానరు కింద పెట్టేశాడు.

ముందుగా ఆమె బల్ల పక్కనున్న నీళ్ల తొట్టి వేడి చూసింది. వేడి మారినా అంకె మారుతుంది కాబట్టి ఈ తొట్టి నీళ్లను రోలు చుట్టూ ఉన్న గొట్టంలో తిప్పుతూ దాన్ని ఎప్పుడూ ఒకే వేడి మీద ఉంచుతారు. థర్మామీటరు పాదరసం వెంట్రుకంత కూడా కదల్లేదు. అయితే పెరిగింది ఒత్తిడే. గేజి అబద్ధం చెబుతోంది.

"గేజి గొట్టంలో నూనె గడ్డకట్టి ఉంటుంది," అన్నాడు ఫిట్టరు. "నొక్కీ నొక్కీ మైనంలా అయిపోతుంది. నిరుడూ ఇంతే చేసింది."

నిరుడు వంద దగ్గర గడ్డకట్టింది, వెంటనే తెలిసిపోయింది. ఇప్పుడు తొమ్మిది వందల దగ్గర. ఇక్కడ అన్నీ ఆ గేజి మాట మీదే నడుస్తాయి. వెయ్యి వచ్చిందని అది చెబితే పంపు ఆగుతుంది. ఒత్తిడి వదిలే వాల్వు తెరుచుకోవాలన్నా, గది తలుపు గడియ వదలాలన్నా అదే చెప్పాలి. తొమ్మిది వందల దగ్గరే బిగుసుకుపోయిన గేజిని నమ్మి, ఇంకో వందే కదా అనుకుంటూ పంపు కొడుతూనే ఉంది.

అతను రెండంగల్లో గోడ దగ్గరికి వెళ్లి పంపుకు గాలి వెళ్లే గొట్టం మీది ట్యాపు కట్టేశాడు. అది గాలితో నడిచే పంపు. గాలి లేకపోతే ఆగాలి. పిడి పూర్తిగా తిరిగింది. లోపలి రబ్బరు మూత ఎప్పుడో ఊడిపోయిందని, పిడి ఊరికే తిరుగుతోందని ఇద్దరికీ తెలియదు. పంపు ఉన్నది గోడకు అవతల. ఇవతల షెడ్డులోని కంప్రెసరు హోరులో దాని చప్పుడు వినిపించదు.

నూట ఆరున్నర. నూట ఏడు. అంకె అక్కడ తటపటాయించింది. ఫిట్టరు వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు.

నూట ఆరు పాయింటు తొమ్మిది. ఎనిమిది.

"దిగుతోంది," అన్నాడు ఫిట్టరు. "ఎక్కడో సన్నగా కారుతున్నట్టుంది. ఈ ఒక్కసారికీ కారనీ, తిట్టను."

ఆమె నవ్వింది.

* * *

మేనేజరు నడుస్తూ వచ్చినా పరుగెత్తుతున్నట్టే ఉంటాడు. వెనకాల అతన్ని ఎక్స్‌ప్రెస్ అంటారు.

"ఏమయ్యా, పరికరం బయటికి తీశారా? దాన్ని పంపిన కంపెనీ మనిషి వచ్చి నా గదిలో కూర్చున్నాడు."

"గేజి బిగుసుకుపోయింది సార్," అంది కెమిస్టు. "ఒత్తిడి వెయ్యి దాటింది. ఎంత దాటిందో తెలియదు. ఇప్పుడు దిగుతోంది."

"దిగుతోందిగా. మరి ఆ మొహాలేంటి?"

ఫిట్టరు తల గోక్కున్నాడు. "పగిలే బిళ్ల ఉండుంటే ఈ తంటా ఉండేది కాదు సార్."

ఒత్తిడి మితిమీరితే ముందుగా పగిలిపోయి పాత్రను కాపాడడానికి రోలుకు సన్నని లోహపు బిళ్ల ఒకటి ఉండేది. అది అయిదారుసార్లు అకారణంగా పగిలి పరీక్షలు పాడుచేసింది. దాని స్థానంలో గట్టి ఉక్కు బిరడా పెట్టమన్నది మేనేజరు, బిగించింది ఫిట్టరు. పక్కనే నిలబడి చూసింది కెమిస్టు. అప్పట్నుంచి పరీక్షలు చకచకా సాగాయి. ముగ్గురూ సంతోషించారు.

"అది ఇప్పుడెందుకు? రూలు ప్రకారం అయిదు వందల కిందికి వస్తే లోపలికి వెళ్లొచ్చు. వెళ్లి చేతి వాల్వు తిప్పు, అయిపోతుంది." మేనేజరు సొరుగులోంచి తెచ్చిన తాళంచెవి అతని చేతిలో పెట్టాడు. "గడియ గేజి మాటే వింటుంది కాబట్టి దీంతో తియ్యి. నేను వెళ్లి ఆయనకు ఇంకో టీ పోస్తాను." వచ్చినంత వేగంగానే వెళ్లిపోయాడు.

అంకె నిదానంగా దిగుతోంది. నూట అయిదు. నూట నాలుగు. ఒత్తిడి ఎక్కువగా ఉన్నప్పుడు నీళ్లు ఇంత నెమ్మదిగా కారవు కదా అని కెమిస్టుకు ఒకసారి అనిపించింది. సన్నని కారుడు కాబోలని సమాధానం చెప్పుకుంది. నూట మూడు.

పట్టికలో నూట మూడుకు ఎదురుగా అయిదు వందలని ఉంది. ఇంకాస్త కిందికి రానిచ్చి, అప్పుడు చెప్పింది.

"వెళ్లొచ్చు బావా."

"నీ చదువు మీద భారం వేసి వెళ్తున్నా మరదలా. తేడా వస్తే మీ అక్కకు నువ్వే జవాబు చెప్పుకోవాలి."

"ముందు వెళ్లు. వంటింటి కొళాయి బాగుచెయ్యక నెలైందని మా అక్క నిన్నే వెతుకుతోంది."

"అందుకే ఇక్కడ దాక్కున్నా."

ఉక్కు తలుపుకు తాళంచెవి పెట్టి తిప్పాడు. చెవి తలుపులోనే ఉంటే దాని పిడి గోడకు తగిలి తలుపు సరిగ్గా తెరుచుకోదు. ఎప్పటిలాగే తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. తలుపు కింద చెక్కముక్క పెట్టి లోపలికి వెళ్లాడు. బరువైన తలుపు ఆ చెక్కను నున్నటి నేల మీద మెల్లగా తోసుకుంటూ వచ్చి, అతని వెనక మూసుకుంది. గడియ పడింది. వాల్వు వైపు వంగి ఉన్న అతను వినలేదు. మీటరు వైపు తిరిగి ఉన్న ఆమె చూడలేదు.

లోపలి నుంచి ఆ తలుపు తీసే ఏర్పాటు లేదు. ఒత్తిడి ఉన్నంతసేపూ లోపల మనిషి ఉండడన్న లెక్కతో కట్టిన గది అది.

* * *

బల్ల మీది మైకు గరగరలాడింది. మాట్లాడేవాళ్లు బొత్తాం నొక్కితేనే మాట అవతలికి వినిపిస్తుంది.

"వాల్వు దగ్గరున్నా. తీస్తున్నా."

"మెల్లగా."

అంకె నూట రెండున్నర దగ్గర ఉంది. ఒక్క క్షణం కదల్లేదు. తర్వాత కదిలింది. పైకి.

నూట రెండు పాయింటు ఏడు. నూట మూడు. నూట మూడున్నర.

కెమిస్టు మైకు దగ్గరికి లాక్కుంది. ఒత్తిడి పెరుగుతోంది. వాల్వు తీస్తే పెరగడం ఏమిటో ఆలోచించే వ్యవధి లేదు. అతను దాని మీదికి వంగి ఉన్నాడు.

"బావా, పెరుగుతోంది. మూసెయ్. గట్టిగా మూసెయ్."

"మూస్తున్నా."

అంకె నూట నాలుగు దగ్గర ఆగింది. తర్వాత దిగడం మొదలుపెట్టింది. ఆమె కళ్లు మూసుకుని తెరిచింది.

"దిగుతోంది బావా. ఏం చేశావు?"

"ఏముంది, ఉన్న బలమంతా పెట్టి బిగించేశా." మైకులో అతని ఊపిరి వినిపిస్తోంది. "ఇదెక్కడి గోలే. తీస్తే పెరుగుతుందా, మూస్తే తగ్గుతుందా? ఉప్పునీళ్లకు కూడా మీ ఇంటి వరస వచ్చినట్టుంది, చెప్పిందానికల్లా ఎదురు." బొత్తాం వదిలి మళ్లీ నొక్కాడు. "ఇంకో సంగతి. ట్యాపు కట్టేశాను కదా, పంపు ఇంకా కొడుతోంది."

"ఏంటి?"

"పంపు. చాలా మెల్లగా. దమ్ము చాలక ఆయాసపడుతున్నట్టు. ఒక దెబ్బ కొట్టి చాలాసేపు ఆగుతోంది."

కెమిస్టు మీటరు వైపు చూసింది.

పంపు కొడుతోంది. అంకె దిగుతోంది.

చదువుకునే రోజుల్లో బ్లాక్‌బోర్డు మీద ఒక గీత చూసింది. ఎడమ నుంచి ఎక్కి, గుండ్రంగా తిరిగి, కుడివైపుకు దిగే గీత. నొక్కితే నీళ్లు ముందు ఉప్పు రేణువులకు దారి ఇస్తాయి, అవి సులువుగా పరుగెడతాయి. రెండు వేల అట్మాస్ఫియర్ల దాకా అంతే. ఇంకా నొక్కితే అవే నీళ్లు చిక్కబడి ఆ రేణువుల కాళ్లకు అడ్డం పడతాయి. అక్కడి నుంచి ఒత్తిడి పెరిగే కొద్దీ అంకె తగ్గుతుంది. పరీక్షలో ఆ గీత గీసి మార్కులు తెచ్చుకుంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి రోజూ వెయ్యిలోపే పనిచేసింది. ఒత్తిడి పెరిగితే అంకె పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. అది ఒంట్లోకి ఇంకిపోయిన విషయం. మెట్లు దిగేటప్పుడు కాళ్ల వైపు ఎవరు చూస్తారు?

నూట మూడు అంటే అయిదు వందలు. నూట మూడు అంటే మూడున్నర వేలు కూడా. రోలు కట్టింది రెండు వేలకు.

అతను వాల్వు తీసినప్పుడు అంకె పెరిగిందంటే ఒత్తిడి తగ్గుతోందన్నమాట. నిజంగానే తగ్గుతోంది. ఇంకాసేపు ఆగి ఉంటే బయటపడేవాడు. మూసెయ్యమన్నది తను.

పెట్టెలు కోసే కత్తి తీసుకుని ఆమె గాలి గొట్టం మీద పడింది. రబ్బరు తెగి, గొట్టం పాములా ఎగిరి ఆమె చెంప మీద కొట్టింది. గది నిండా గాలి బుసకొట్టింది.

"పంపు ఆగింది," అంది మైకు.

"బావా, విను. నేను తప్పు చెప్పాను. ఒత్తిడి చాలా ఎక్కువగా ఉంది. వాల్వు మళ్లీ తియ్యి. అంకె ఏమైనా కానీ, నువ్వు తీస్తూనే ఉండు."

మైకులో స్పానరు ఇనుముకు తగిలిన చప్పుడు. మళ్లీ. ఇంకోసారి.

"కదలడం లేదు. ఉక్కూ ఉక్కూ కరుచుకున్నాయి. మరీ బిగించేశాను."

"అయితే వదిలెయ్. బయటికి వచ్చెయ్."

మైకు మళ్లీ గరగరలాడింది.

"తలుపు పడిపోయిందే."

ఆమె తలుపు దగ్గరికి పరుగెత్తింది. తాళం కన్నం ఖాళీగా ఉంది. వెనక్కి వచ్చి మైకు నొక్కింది. అడగక్కర్లేకుండానే అతను చెప్పాడు.

"నా జేబులో ఉంది."

* * *

మేనేజరు విన్నాడు. ఇంకో తాళంచెవి లేదన్నాడు. గ్యాస్ కట్టరు ఉన్నవాళ్ల కోసం పెరట్లోకి పరుగెత్తాడు. ఈసారి నిజంగానే పరుగు.

తాళంచెవి దూరగల కన్నం గోడలో ఒక్కటే ఉంది. ప్లాటినం రేకుల తీగలు మీటరుకు వచ్చే గొట్టం. బొటనవేలు పట్టేంత ఉంటుంది. తీగల చుట్టూ గట్టి బంక పోసి పూడ్చారు. ఆమె ఇవతలి నుంచి డ్రిల్లు పెట్టింది. అతను అవతలి నుంచి స్క్రూడ్రైవరుతో తవ్వడం మొదలుపెట్టాడు. తీగలు తెగితే మీటరు గుడ్డిదవుతుంది. అందుకని వాటి పక్కనుంచే తవ్వారు. బంక పొడి ఆమె పెదాల మీద పడి చేదుగా తగిలింది.

"ఎంతుంది?" అవతలి నుంచి అడిగాడు.

"నూట రెండు పాయింటు మూడు. కదలడం లేదు."

"మంచిదేనా?"

"పంపు ఆగింది కదా. పెరగదు."

"మీ అక్కకు ఫోన్ చెయ్యకు. కొళాయి తప్పించుకోడానికి నాటకం అంటుంది."

"చెయ్యను."

"సాయంత్రం నేనే చెప్తా. కాస్త పెంచి చెప్తా."

బంక చీలింది. సన్నటి చీలికలోంచి మైకు అక్కర్లేకుండానే అతని దగ్గు వినిపించింది. ఆమె ఒకసారి వెనక్కి తిరిగి మీటరు చూసింది.

నూట రెండు పాయింటు నాలుగు.

చూస్తుండగానే అయిదు.

అంకె పెరుగుతోంది. ఇప్పుడు ఆమె తడబడలేదు. గీత దిగే వైపున అంకె పెరిగితే ఒత్తిడి తగ్గుతున్నట్టు. ఎక్కడో కారుతోంది. నిజంగానే కారుతోంది. ఇంత సేపట్లో మొదటిసారి ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"తగ్గుతోంది బావా. దానంతటదే తగ్గుతోంది."

"హమ్మయ్య."

"ఎక్కడ కారుతోందో చూడు. మూత దగ్గరా? వాల్వు దగ్గరా?"

అతను వెళ్లి వచ్చిన అడుగుల చప్పుడు కన్నంలోంచి వినిపించింది.

"ఎక్కడా లేదు."

"కింద చూశావా?"

"చేత్తో తడిమి చూశాను. అంతా పొడిగా ఉంది. ఎందుకు?"

డ్రిల్లు ఆమె చేతిలో తిరుగుతూనే ఉంది. లోపలి నీళ్లు చుక్క కూడా బయటికి రాలేదు. అయినా ఒత్తిడి తగ్గుతోంది. అంటే ఆ నీళ్లకు చోటు పెరుగుతోంది. టీ గ్లాసంత గుంత పెద్దదవుతోంది. ఉక్కు సాగుతోంది.

"ఏమే, మాట్లాడవేం? తగ్గుతోందన్నావు కదా?"

"తగ్గుతోంది బావా."

అది అబద్ధం కాదు.

"మూతకు ఎదురుగా నిలబడకు," అంది. "పక్కకు ఉండి తవ్వు."

"ఈ గదిలో పక్కెక్కడుందే. మన స్నానాలగది నయం."

నూట రెండు పాయింటు ఎనిమిది. తొమ్మిది. అంకెలు ఇప్పుడు ఒకదాని వెనక ఒకటి తోసుకుంటూ వస్తున్నాయి. బంక ముక్క ఒకటి ఊడి ఇవతల పడింది. అవతలి నుంచి ఇనుపకమ్మీ చివర తాళంచెవి మెరిసింది. ఆమె చూపుడువేలు లోపలికి దూర్చి, గోరు చీలినా వదలకుండా, దాన్ని లాక్కుంది.

"వచ్చింది. తలుపు దగ్గరికి రా."

"నీకంటే ముందే ఉంటా."

తాళంచెవి మొదటిసారి కన్నానికి అందలేదు. రెండోసారి దిగింది. తిప్పింది. గడియ వెనక్కి వెళ్లిన చప్పుడు. రెండు చేతులా లాగింది. తలుపు జానెడు తెరుచుకుంది. ఆ సందులోంచి నాలుగు వేళ్లు వచ్చి తలుపు అంచు పట్టుకున్నాయి. నూనె మరకలున్న, ఆమెకు బాగా తెలిసిన వేళ్లు.

"తోస్తున్నా, నువ్వు లాగు," అన్నాడతను.

ఆమె లాగింది.

చప్పుడు ఆమెకు వినిపించలేదు. తలుపు వచ్చి తనను గోడకు కొట్టడం మాత్రం తెలిసింది.

* * *

ఆస్పత్రిలో ఆమె ఎడమ చెవి ఇక పనిచెయ్యదని చెప్పారు. పక్కటెముకలు అతుక్కుంటాయన్నారు. మూడో సంగతి ఎవరూ చెప్పలేదు. కుడివైపు స్టూలు మీద కూర్చున్న అక్కను చూస్తే చెప్పక్కర్లేకపోయింది.

అక్క ఏడవడం లేదు. ఇంటి నుంచి ఉన్నపాటున వచ్చిన మనిషిలా ఉంది. చీర కుచ్చెళ్లు తడిగా ఉన్నాయి.

"రూలుకు విరుద్ధంగా వెళ్లాడని మీ మేనేజరు అంటున్నాడు."

"కాదు. నేను చెప్తేనే వెళ్లాడు."

"వాల్వు తీశాడట. తీసి మళ్లీ మూసేశాడట. ఎందుకు మూశాడు? ఆ పని అంత బాగా తెలిసిన మనిషి."

"నేనే మూసెయ్యమన్నాను."

అక్క ఆమె ముఖంలోకి చూసింది. "ఎందుకే?"

"అంకె పెరుగుతోందని."

"పెరగడం మంచిదా, చెడ్డదా?"

కెమిస్టు దుప్పటి మీద వేలితో ఒక గీత గీసింది. ఎడమ నుంచి పైకి తీసుకెళ్లి, గుండ్రంగా తిప్పి, కుడివైపుకు దించింది. కొండ ఇవతల ఒక చోట వేలు పెట్టింది. అవతల అంతే ఎత్తులో ఇంకో చోట పెట్టింది.

"ఇక్కడ ఉన్నాడనుకున్నానక్కా. ఇక్కడ ఉన్నాడు."

అక్క దుప్పటి వైపు చూసింది. తెల్లటి బట్ట మీద గీత ఏమీ లేదు, వేలు నొక్కిన మడత తప్ప.

"నీకిది ముందు తెలియదా?"

"తెలుసు."

అక్క లేచింది. మంచం చుట్టూ నడిచి ఎడమవైపుకు వచ్చి, అక్కడి కుర్చీలో కూర్చుని, చెల్లెలి చెవి దగ్గరికి వంగి మాట్లాడడం మొదలుపెట్టింది. చాలాసేపు మాట్లాడింది. ఆ ఊపిరి వెచ్చగా చెంపకు తగులుతూనే ఉంది. ఒక్క మాట కూడా వినబడలేదు. వినిపించే చెవి అటు వచ్చేలా కెమిస్టు తల తిప్పలేదు.